గాలి సూచనను ఎంతవరకు నమ్మాలి?



రక్తపోటు, మధుమేహం, వడదెబ్బ వంటి విషయాలు చర్చించుకునే ఈ చోట గాలి కబుర్లేమిటని కొందరికి సందేహం కలుగవచ్చు. నీట మునిగి చనిపోవడం కూడా నివారించదగిన మరణమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2021లో ప్రపంచమంతటా సుమారు 3 లక్షల మంది ఈ విధంగా ప్రాణాలు కోల్పోయారు. వారిలో పిల్లలు, యువకులు ఎక్కువ. అందుకే ఐక్యరాజ్యసమితి ఏటా జూలై 25వ తేదీని నీట మునక నివారణ దినంగా పాటించమని కోరింది. ఏ మందూ అక్కరలేకుండా, కొంచెం ముందుచూపుతో ఆపగలిగిన మరణాలను గురించి వైద్యుడు మాట్లాడకుండా ఎలా ఉంటాడు?

మన ఎలమంచిలికి సముద్రం దూరం కాదు. పూడిమడక, రాంబిల్లి, బంగారమ్మపాలెం, రేవుపోలవరం తీరాలకు సెలవు రోజున యువకులు గుంపులుగా వెళ్తారు. కార్తిక మాసంలో సముద్రస్నానానికి కుటుంబాలు కుటుంబాలే తరలుతాయి. ఏడాది పొడవునా వేటకు వెళ్లే మత్స్యకారులున్నారు. వీరందరి చేతుల్లోనూ ఇప్పుడు ఫోను ఉంది. ఆ ఫోనులో రేపు మధ్యాహ్నం మూడు గంటలకు గాలి ఎంత వేగంతో, ఏ దిక్కు నుంచి వీస్తుందో రంగుల పటంలో కనిపిస్తుంది. ఆ అంకెను ఎంతవరకు నమ్మాలి? ఏ పనికి నమ్మాలి? ఈ వ్యాసంలో విచారించదలచినది అదే.

గాలి మీదనే ఆధారపడిన ఆట

గాలి సూచనను అందరికన్నా నిశితంగా పరిశీలించేవారు కైట్ సర్ఫింగ్ ఆడేవారు. పెద్ద గాలిపటాన్ని నడుముకు కట్టుకుని, కాళ్ల కింద పలక పెట్టుకుని, గాలి లాగుతుంటే నీటిపై దూసుకుపోయే క్రీడ ఇది. మన దేశంలో రామేశ్వరం పరిసరాల్లో దీనికి ఆదరణ ఉంది. మన విశాఖ తీరంలో రుషికొండ వద్ద సర్ఫింగ్, కయాకింగ్ వంటి జలక్రీడలు వేళ్లూనుకున్నాయి గనుక ఈ ఆట కూడా రేపో మాపో ఇటు రాక తప్పదు. సాధారణంగా ఈ ఆటకు 12 నుంచి 25 నాట్ల గాలి కావాలి. ఒక నాటు అంటే గంటకు 1.85 కిలోమీటర్లు. అంటే గంటకు 22 కిలోమీటర్లకు తగ్గితే పటం లేవదు, 46 దాటితే మనిషిని ఎత్తి విసరవచ్చు. ఈ రెండు హద్దుల నడుమనే ఆటంతా.

2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఈ క్రీడకు తొలిసారి చోటు దక్కింది. పోటీలు మార్సేయి తీరంలో జరిగాయి. నిర్వాహకులకు వాతావరణ నిపుణులు, పరికరాలు, ధనం, దేనికీ కొదవ లేదు. అయినా గాలి చాలక పోటీలు వాయిదా పడ్డాయి, క్రీడాకారులు ఒడ్డున కూర్చుని గాలి కోసం ఎదురు చూశారు. అంతటి వ్యవస్థ ఉన్నచోటనే గాలి మాట తప్పినప్పుడు, ఫోనులోని ఒక అంకెను చూసి పిల్లలను సముద్రంలోకి దింపడం ఎంత సాహసమో ఆలోచించండి.

సూచన ఎలా పుడుతుంది?

వాతావరణ సూచన జోస్యం కాదు, లెక్క. ఉపగ్రహాలు, బెలూన్లు, ఓడలు, సముద్రంలోని బాయ్‌లు, భూమిపై ఉన్న కేంద్రాలు ఇచ్చిన కొలతలతో ఈ క్షణపు వాతావరణాన్ని చిత్రించి, భౌతిక సూత్రాల ప్రకారం దానిని ముందుకు నడిపిస్తారు. దానికోసం భూమండలాన్ని గళ్లుగా విభజిస్తారు. 2025 మే నెలలో మన దేశం ప్రారంభించిన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్‌లో ఒక్కొక్క గడి సుమారు 6 కిలోమీటర్లు. అంతకు ముందు వాడినది 12 కిలోమీటర్ల గడి. ఇది గొప్ప ముందడుగే. కాని ఆరు కిలోమీటర్ల గడిలో ఒక ఊరు, ఒక కొండ, ఒక నదీముఖం, ఒక ఇసుక తిన్నె అన్నీ ఇమిడిపోతాయి. లెక్క ఇచ్చే అంకె ఆ గడి మొత్తానికి సగటు మాత్రమే. శారద, వరాహ నదులు సముద్రంలో కలిసే చోటి గాలికీ, కొండ చాటున ఉన్న రేవు గాలికీ గల భేదం అందులో కనిపించదు.

రెండవ పరిమితి కాలానిది. 1963లో ఎడ్వర్డ్ లోరెంజ్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు ఒక సత్యాన్ని నిరూపించాడు. ఆరంభ కొలతలో వెంట్రుకవాసి తేడా ఉన్నా, రోజులు గడిచేకొద్దీ అది పెరిగి పెరిగి ఫలితాన్నే తారుమారు చేస్తుంది. అందుకనే నేటి నిపుణులు ఒక్క లెక్కతో తృప్తి పడరు. ఆరంభ కొలతలను కొద్దికొద్దిగా మార్చి యాభై లెక్కలు వేస్తారు. యాభైలో నలభై అయిదు ఒకే మాట చెబితే నమ్మకం ఎక్కువ. తలా ఒక దారి పట్టితే నమ్మకం తక్కువ. జటిలమైన వ్యాధికి పలువురు వైద్యుల అభిప్రాయం తీసుకోవడం వంటిదే ఇది. విండీ వంటి యాప్‌లలో వేర్వేరు దేశాల లెక్కలను పక్కపక్కన పెట్టి చూసే వీలుంది. అవి ఏకీభవించాయా లేదా అని చూడడం, ఒక్క అంకెను చూడడం కన్నా ఎంతో మేలు.

ఈ పరిమితులున్నా సూచనల శక్తి తగ్గలేదు, పెరిగింది. గత నాలుగైదు దశాబ్దాలలో దశాబ్దానికి ఒక రోజు చొప్పున అవి మెరుగయ్యాయని శాస్త్రజ్ఞుల అంచనా. అంటే ఒకప్పుడు మూడు రోజుల ముందు ఎంత కచ్చితంగా చెప్పగలిగేవారో, నలభై ఏళ్ల తరువాత ఏడు రోజుల ముందు అంత కచ్చితంగా చెప్పగలుగుతున్నారు.

మన తీరం నేర్పిన మూడు పాఠాలు

మొదటిది హుద్‌హుద్. 2014 అక్టోబరు 12న గంటకు సుమారు 180 కిలోమీటర్ల గాలితో అది విశాఖపట్నం వద్ద తీరం దాటింది. కైలాసగిరి మీది డాప్లర్ రాడార్‌ను సైతం ఆ గాలి దెబ్బతీసింది. కాని తుపాను ఈ పరిసరాలకే వస్తుందని వాతావరణ శాఖ రోజుల ముందే చెప్పింది. లక్షలాది మందిని తరలించగలిగాం. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనలో వేలాది మంది కొట్టుకుపోయిన సంగతి తెలిసిన తరానికి, ఈ రెండు తేదీల మధ్య శాస్త్రం ఎంత దూరం నడిచిందో చెప్పనక్కరలేదు.

రెండవది జవాద్. 2021 డిసెంబరు మొదటి వారంలో ఇది ఉత్తరాంధ్ర, దక్షిణ ఒడిశా తీరాలకు తుపానుగా వస్తుందన్నారు. పడవలు ఒడ్డెక్కాయి, లోతట్టు గ్రామాల ప్రజలు పునరావాస కేంద్రాలకు చేరారు. అది సముద్రంలోనే బలహీనపడి, పక్కకు మరలి, వాయుగుండంగా పూరీ వైపు వెళ్లిపోయింది.

మూడవది అసాని. 2022 మే నెలలో ఇది మన తీరానికి చేరువగా వచ్చి, ఒడిశా వైపు మరలి, సముద్రంలోనే క్షీణిస్తుందని తొలి అంచనా. అది మరలలేదు. పడమరగానే సాగి మే 11న మచిలీపట్నం, నరసాపురం ప్రాంతంలో తీరం చేరింది. అధికారులు సూచనలను సవరిస్తూ వచ్చారు గనుక కొత్త సూచన చదివినవారు జాగ్రత్త పడ్డారు. మొదటి వార్త చదివి నిశ్చింతగా ఉన్నవారికి ఆ అవకాశం లేకపోయింది.

మూడింటి సారాంశం ఒక్కటే. పెద్ద తుపానుల విషయంలో సూచనలు నమ్మదగినవి. అవి పొరబడినా ఎక్కువగా ఎంత బలం, ఏ చోటు అన్న అంశాలలోనే పొరబడతాయి. కనుక సూచనను ఒకసారి చదివి వదిలేయరాదు. జ్వరం పట్టీలో ఒక్క అంకెను చూసి వైద్యుడు నిర్ణయం తీసుకోడు. పూటపూటకూ అంకె ఎటు పోతున్నదో చూస్తాడు. గాలి సూచననూ అలాగే చదవాలి.

అంకెలో కనిపించని గాలి

తుపాను వచ్చే రోజుల్లో సముద్రంలోకి దిగేవారు అరుదు. ప్రమాదాలు ఎక్కువగా మామూలు రోజుల్లోనే జరుగుతాయి. 2022 జూలై 29న పూడిమడక తీరంలో స్నానానికి దిగిన ఇంజనీరింగ్ విద్యార్థులను అలలు లాగేసుకున్నాయి. చేతికందిన బిడ్డలు వెళ్లిపోయిన ఆ ఇళ్ల దుఃఖం ఈ ప్రాంతమంతా ఎరుగును. అది తుపాను రోజు కాదు. ఇటువంటి రోజుల్లోనే సూచనలోని అంకె చెప్పని సంగతులు ప్రాణం మీదికి తెస్తాయి. అవి ముఖ్యంగా నాలుగు.

మొదటిది గాలి విసురు. సూచనలోని పెద్ద అంకె సగటు వేగం. గాలి సమంగా వీయదు, ఉండుండి విసురుతుంది. మత్స్యకారుల హెచ్చరికలో గంటకు 45 నుంచి 55 కిలోమీటర్లు, అప్పుడప్పుడు 65 కిలోమీటర్లు అన్న వాక్యం మనకు పరిచితమే. ఆ అప్పుడప్పుడు అన్న మాటలోనే ప్రమాదమంతా ఉంది. గాలి ఒత్తిడి వేగంతో సమానంగా పెరగదు, వేగపు వర్గంతో పెరుగుతుంది. వేగం 45 నుంచి 65కు పెరిగితే ఒత్తిడి రెట్టింపు దాటుతుంది. 20 నుంచి 40కి పెరిగితే నాలుగు రెట్లవుతుంది. తెప్ప తిరగబడడానికీ, గాలిపటం మనిషిని రాళ్ల మీదికి విసరడానికీ అటువంటి ఒక్క విసురు చాలు.

రెండవది ఈదురుగాలి. వేసవి సాయంత్రాల్లో ఉరుము మేఘం కింద పుట్టే గాలి అరగంటలో వచ్చి అరగంటలో పోతుంది. ఫలానా రోజున ఉరుములు పడే అవకాశం ఉందని ముందురోజు చెప్పగలరు. అది పూడిమడకలో పడుతుందో, నక్కపల్లిలో పడుతుందో చెప్పలేరు. అందుకే వాతావరణ శాఖ మూడు గంటల ముందు మాత్రమే ఇచ్చే తక్షణ సూచనలు వేరుగా ఉన్నాయి. పిడుగుల సమాచారానికి దామిని యాప్ ఉంది. ఉదయం చూసిన సూచన సాయంత్రపు ఈదురుగాలికి పనికిరాదు.

మూడవది గాలి దిక్కు. ఎంత అన్నదానికన్నా ఎటు నుంచి అన్నది ఒక్కొక్కప్పుడు ముఖ్యం. ఎండాకాలం ఉదయాలలో పడమటి గాలి నేల మీది నుంచి సముద్రం మీదికి వీస్తుంది. అప్పుడు ఒడ్డు దగ్గర నీరు అద్దంలా ఉంటుంది. చూసేవారికి ఇంతకన్నా క్షేమమైన రోజు లేదనిపిస్తుంది. కాని గాలి నింపిన ట్యూబు మీద కూర్చున్న పిల్లవాడినైనా, గాలిపటం పట్టుకున్న క్రీడాకారుడినైనా ఆ గాలి నిశ్శబ్దంగా లోపలికి తీసుకుపోతుంది. మధ్యాహ్నానికి నేల కాగి సముద్రపు గాలి మళ్లుకుంటుంది. ఆ మళ్లే వేళ ఒక గంట అటూఇటూ కావడం పరిపాటి.

నాలుగవది, గాలి లేకుండా వచ్చే అల. దక్షిణ హిందూ మహాసముద్రంలో ఎక్కడో లేచిన తుపాను గాలి పుట్టించిన అలలు వేల కిలోమీటర్లు ప్రయాణించి, నాలుగైదు రోజుల తరువాత మన దేశపు తీరాలను తాకగలవు. ఆనాడు మన ఊళ్లో ఆకు కదలకపోవచ్చు. కేరళ జాలరులు దీనిని కల్లక్కడల్, అంటే దొంగ సముద్రం అంటారు. ఇక తీరంలో విరిగిన అలల నీరు వెనక్కు మళ్లేటప్పుడు ఏర్పడే తిరుగు ప్రవాహాలు ఏ గాలి సూచనలోనూ కనిపించవు. గాలి తక్కువ అంటే సముద్రం క్షేమం అని అర్థం కాదు. ఈ ఒక్క మాట పిల్లలకు నేర్పగలిగినా ఎంతో మేలు చేసినవారమవుతాం.

కాదంటే నమ్మండి, సరేనంటే పరీక్షించండి

ఇక నా అభిప్రాయం. వైద్యంలో ప్రతి పరీక్షకూ రెండు రకాల పొరపాట్లుంటాయి. లేని వ్యాధిని ఉందనడం ఒకటి, ఉన్న వ్యాధిని లేదనడం మరొకటి. రెండింటి మూల్యం సమానం కాదు. గుండెపోటు అనుమానంతో ఆసుపత్రిలో ఉంచి, కాదని తేలాక ఇంటికి పంపితే ఒక రాత్రి, కొంత సొమ్ము పోతాయి. ఉన్న గుండెపోటును అజీర్ణమని పంపేస్తే మనిషే పోతాడు. గాలి సూచన కూడా ఇటువంటి పరీక్షే. అది వద్దని చెప్పినప్పుడు వెంటనే నమ్మాలి. ఫర్వాలేదని చెప్పినప్పుడు దానిని అనుమతి పత్రంగా భావించరాదు. తీరంలో మన కళ్లతో మరొకసారి పరీక్షించుకోవాలి. సూచన ప్రయాణాన్ని మానుకోవడానికి చాలిన ఆధారం, నీటిలో దిగడానికి చాలని ఆధారం.

దీనికి ఒక బలమైన ఆక్షేపణ ఉంది. విహారానికి వెళ్లేవాడు మానుకుంటే పోయేది సరదా. వేటకు వెళ్లేవాడు మానుకుంటే పోయేది ఆ రోజు కూడు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధం ఎలాగూ ఉంది. దానిపై హెచ్చరిక రోజులన్నీ కలిస్తే ఆ కుటుంబం ఎలా బ్రతకాలి? జవాద్ వంటి హెచ్చరికలు రెండు మూడు సార్లు ఫలించకపోతే నాలుగవసారి ఎవరు వింటారు? ఈ ప్రశ్నను తేలికగా తీసివేయడం న్యాయం కాదు.

చరిత్రలో దీనికి ఒక సమాధానం దొరుకుతుంది. 1859లో రాయల్ చార్టర్ అనే ఓడ తుపానులో మునిగి వందలాది మంది మరణించిన తరువాత, రాబర్ట్ ఫిట్జ్‌రాయ్ అనే నౌకాధికారి 1861లో బ్రిటన్ రేవులలో తుపాను హెచ్చరికలు ప్రవేశపెట్టాడు. అవి తరచు తప్పుతున్నాయని విమర్శలు వచ్చాయి. ఆయన మరణానంతరం 1866లో వాటిని నిలిపివేశారు. మరుసటి ఏడే మళ్లీ మొదలుపెట్టవలసి వచ్చింది, ఎందుకంటే అవి కావాలని గట్టిగా అడిగినవారు సముద్రం మీద బ్రతికేవారే. తప్పులు చేసే హెచ్చరికైనా, అసలు హెచ్చరిక లేకపోవడం కన్నా మేలని వారికి తెలుసు.

కాబట్టి చేయవలసినది హెచ్చరికను పెడచెవిని పెట్టడం కాదు, దానిని మరింత పదునుపెట్టుకోవడం. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ చిన్న పడవల కోసం ప్రత్యేక సూచనలు ఇస్తోంది. అలల ఎత్తు, వాటి నిటారుతనం, గాలి ఉద్ధృతి కలిపి పడవ తిరగబడే ప్రమాదం ఎక్కడ ఉందో పది రోజుల ముందుగా అంచనా వేస్తుంది. జిల్లా మొత్తానికి ఒకే నిషేధం అనడం కన్నా ఈ దారి మెరుగు. హెచ్చరికను పాటించి ఒడ్డున ఆగిన రోజుకు కొంత భృతి ఇవ్వడం ప్రభుత్వానికి భారం కారాదు. అది ప్రాణరక్షణకు అయ్యే ఖర్చే.

తీరానికి వెళ్లేముందు

మూడు రోజుల ముందు సూచన చూడండి. ముందురోజు రాత్రి మళ్లీ చూడండి. బయలుదేరే ఉదయం మరొకసారి చూడండి. మూడుసార్లూ మాట మారుతుంటే ఆ రోజు సముద్రంలోకి దిగకపోవడమే మంచిది. సగటు వేగాన్ని కాక విసురు వేగాన్ని, దిక్కును చదవండి. అల ఎత్తును కూడా చూడండి.

తీరం చేరాక వెంటనే దిగకండి. పది నిమిషాలు నిలబడి నీటిని గమనించండి. అక్కడి మత్స్యకారుణ్ణి అడగండి. ఆయన ఆ రోజు పడవ దింపలేదంటే, ఎందుకు దింపలేదో కనుక్కోండి. నదీముఖాల వద్ద, రాళ్లున్న చోట ఎన్నడూ దిగవద్దు. మద్యం సేవించి దిగడం ఆత్మహత్యతో సమానం. గాలి చల్లగా తగులుతుంటే చెమట తెలియదు, దాహం తెలియదు. నీరసించిన శరీరం అలతో పోరాడలేదు. కనుక తగినంత నీరు త్రాగండి. జలక్రీడలాడేవారు లైఫ్ జాకెట్, శిరస్త్రాణం విడువరాదు.

తిరుగు ప్రవాహం లాగితే ఒడ్డు వైపు ఎదురీదకండి. తీరానికి సమాంతరంగా ఈది ఆ ప్రవాహం నుంచి బయటపడి, అప్పుడు ఒడ్డుకు రండి. ఈత రాని స్నేహితులు రక్షించబోయి దిగకూడదు. తాడో, ఖాళీ డబ్బానో విసరాలి. తీర రక్షక దళం నంబరు 1554, మెరైన్ పోలీసు నంబరు 1093, అంబులెన్సు 108. ఒడ్డుకు చేర్చిన వ్యక్తికి శ్వాస లేకపోతే పొట్ట నొక్కడం, తలకిందులు చేసి తిప్పడం వంటి పనులు చేయవద్దు. నోటిలో నోరుంచి శ్వాస అందించి, వెంటనే ఛాతీ మధ్య నిమిషానికి 100 నుంచి 120 సార్లు బలంగా నొక్కాలి. 30 సార్లు నొక్కి 2 సార్లు శ్వాస ఇవ్వడం పద్ధతి. కోలుకున్నట్లు కనిపించినా ఆసుపత్రికి తీసుకువెళ్లి తీరాలి. ఊపిరితిత్తులలో చేరిన నీటి ప్రభావం కొన్ని గంటల తరువాత బయటపడవచ్చు.

చివరిగా ఒక విన్నపం

భారతంలో మూడు చేపల కథ ఉంది. దీర్ఘదర్శి ముందే చెరువు విడిచి బ్రతికింది. ప్రాప్తకాలజ్ఞుడు సమయానికి ఉపాయం తోచి తప్పించుకున్నాడు. దీర్ఘసూత్రుడు చూద్దాంలే అనుకుని జాలరి చేతికి చిక్కాడు. గాలి సూచన మనకు దీర్ఘదర్శి బుద్ధినిస్తుంది. తీరంలో కళ్లు తెరుచుకుని ఉండడం ప్రాప్తకాలజ్ఞత. రెండూ కావాలి, ఒకటి ఉందని రెండవది మానరాదు.

పాలకులకూ ఒక మాట. విశాఖలో తుపాను హెచ్చరిక కేంద్రం ఉంది, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో వాతావరణ, సముద్ర శాస్త్రాలకు డెబ్బై ఏళ్ల సంప్రదాయం ఉంది. ఇంత విద్య దగ్గర ఉండి, మన రేవులలో గాలిని కొలిచే ఒక చిన్న పరికరం, ఆ పూట పరిస్థితిని అందరికీ తెలిపే ఒక ఎర్ర జెండా, దానిని ఎగురవేసే బాధ్యత గల ఒక మనిషి ఉంటే ఎన్ని ప్రాణాలు దక్కుతాయి! ఇచ్చిన సూచనలలో ఎన్ని ఫలించాయి, ఎన్ని తప్పాయి అన్నది ఏటా తెలుగులో, గ్రామ సచివాలయాల గోడ మీద ప్రకటించాలి. తన తప్పుల లెక్కను తానే చూపే వ్యవస్థనే ప్రజలు నమ్ముతారు. ఆ నమ్మకం ఉన్ననాడు, వద్దు అన్న ఒక్క మాటకే పడవలు ఒడ్డున ఆగుతాయి, పిల్లలు నీటి అంచునే ఆగుతారు.